పెద్దమ్మ అడిగిన రొట్టె

ఈ ఎండాకాలం సెలవుల్లో నేను మూడు రొట్టెలు చేశాను. ఒకటి పూరీలయింది. ఒకటి సందు చివర ఆవు తిన్నది. మూడోదాని సంగతి చెప్పాలంటే ముందు మా పెద్దమ్మ సంగతి చెప్పాలి.

మా పెద్దమ్మ ఇల్లు, మా ఇల్లు ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. ఆ గోడలో ఒక చిన్న కిటికీ ఉంది. కూరగిన్నెలు, ఫోను ఛార్జరు, బీడీల చాట, అప్పుడప్పుడు తిట్లు కూడా అందులో నుంచే అటూ ఇటూ పోతుంటాయి. షోలాపూర్ పూర్వభాగంలో మనవాళ్ళ ఇళ్ళు ఎట్లా ఉంటాయో చదివేవాళ్ళకు నేను చెప్పనవసరం లేదు. పెద్దనాన్న పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో పెద్దమ్మ, అన్న ఇద్దరే. ఇప్పుడు అన్న ఓడ మీద ఉన్నాడు కాబట్టి పెద్దమ్మ ఒక్కతే.

అన్న మన బడిలోనే పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాడు. తర్వాత హోటల్ కోర్సు చేసి, టూరిస్టులను తిప్పే పెద్ద ఓడలో బేకరీ పనిలో చేరాడు. రాత్రంతా పని. పొద్దున మూడువేల మంది లేచేసరికి రొట్టెలు, బన్నులు అన్నీ సిద్ధంగా ఉండాలి. వాళ్ళ ఓడ అమెరికాలో న్యూ ఆర్లీన్స్ అనే ఊరి నుంచి ఆదివారం బయలుదేరి, వారం తిరిగి మళ్ళీ ఆదివారం పొద్దున అక్కడికే వస్తుంది. ఆ రేవు సముద్రం మీద లేదు. మిసిసిపీ నది మీద ఉంది. సముద్రంలో నుంచి ఓడ నదిలోకి మలుపుకొని చాలా గంటలు పైకి పోవాలట. ఓడ రేవులో ఆగినప్పుడే అన్నకు నెట్ బాగా వస్తుంది. అక్కడ ఆదివారం పొద్దున ఎనిమిదయితే ఇక్కడ సాయంత్రం ఆరున్నర. అందుకని ఆదివారం ఆరింటికే పెద్దమ్మ మొహం కడుక్కొని, ఫోను ముందు పెట్టుకొని కూర్చుంటుంది.

ఫోనులో పెద్దమ్మ అడిగేది ఒకటే మాట. "ఏం తిన్నవ్ బిడ్డా?"

అన్న చెప్పేది కూడా ఒకటే మాట. "తిన్ననే."

నాకు మొదట్లో నవ్వొచ్చేది. ప్రపంచమంతా తిరిగే మనిషిని అడగడానికి ఇంకేమీ లేదా అనుకునేదాన్ని. ఒకరోజు పెద్దమ్మే అన్నది, "వాడు చేసేటివి నేను సూడలే. వాడు ఉండేది నేను సూడలే. ఇంకేం అడుగుదు?"

ఏప్రిల్ నెలలో అన్నకు రేవులో మూడు గంటలు సెలవు దొరికింది. ఊళ్ళోకి నడిచిపోయి ఒక రొట్టె తిన్నాడు. నది ఒడ్డున బెంచీ మీద కూర్చొని నాకు వాయిస్ మెసేజ్ పెట్టాడు. వెనక ఎవరో బాకా ఊదుతున్న చప్పుడు కూడా వినిపించింది. "చెల్లె, ఇదొక రొట్టె ఉన్నదే, మఫులెట్టా అంటరు. గుండ్రంగ పళ్ళెమంత ఉంటది. పైన మొత్తం నువ్వులు. మధ్యల కోసి లోపల మాంసం ముక్కలు, చీజు, ఆలివ్ కాయల పచ్చడి పెడ్తరు. ఒక్కటి కొంటే నలుగురు తినొచ్చు. నేను పావు ముక్క కొన్న. కొరికితే నువ్వులు పండ్ల కింద పడ్డయి సూడు, మన భోగి రొట్టె యాదికొచ్చింది."

ఆ మెసేజ్‌ని పెద్దమ్మ కిటికీలో తల పెట్టి ఆరుసార్లు విన్నది. భోగి నాడు మేము సజ్జరొట్టెకు నువ్వులద్ది చేస్తాం. అది ఇక్కడి మరాఠీ వాళ్ళ పద్ధతి. మన ముత్తాతలు కరీంనగర్ దిక్కు నుంచి తెచ్చుకున్నది కాదు. అక్కడి నుంచి తెచ్చుకున్నది సకినాలు, సర్వపిండి. వాటిలో కూడా నువ్వులే. సంక్రాంతికి మా ఇంట్లో రెండు ఊళ్ళ నువ్వులూ ఉంటాయి.

ఏడోసారి వినబోయే ముందు పెద్దమ్మ అడిగింది, "ఏం పేరన్నడే? ముప్పులెట్టనా? తినేదానికి ముప్పు అని పేరు పెడ్తరా ఎవ్వరన్న?" తర్వాత కొంచెం ఆగి, "నువ్వు చేస్తవా? నాకు గది తినాలని ఉన్నది" అన్నది.

పెద్దమ్మ ఇది కావాలి, అది కావాలి అని నోరు తెరిచి అడగడం నేనెప్పుడూ వినలేదు. సరే అన్నాను.

అన్న కొలతలు ఇంకో మెసేజ్‌లో చెప్పాడు. నేను లెక్కల నోటుబుక్కు వెనక పేజీలో రాసుకున్నాను. మైదా 400 గ్రాములు, నీళ్ళు 250 మిల్లీలీటర్లు, ఈస్ట్ 7 గ్రాములు, చక్కెర ఒక చెంచా, ఉప్పు చెంచాన్నర, నూనె రెండు పెద్ద చెంచాలు. పది నిమిషాలు పిసకాలి. రెండింతలయ్యే దాకా పొంగనివ్వాలి. తర్వాత గుండ్రంగా చేసి, పది అంగుళాల వెడల్పు వచ్చేలా చేత్తో ఒత్తి, నువ్వులు వేసి, మళ్ళీ పొంగనిచ్చి కాల్చాలి. ఇంతే. చదివితే మన బాసరి పాఠం కంటే సులువు.

మైదా ప్యాకెట్టు, ఈస్ట్ డబ్బీ చూసి మా అమ్మ అడిగింది, "ఎంత?" చెప్పాను. "మూడు వందల బీడీలు" అన్నది. మా అమ్మ దేన్నయినా బీడీల్లోనే లెక్క కడుతుంది. నా బడిబూట్లు రెండున్నర వేల బీడీలు. నాయిన చేయి విరిగినప్పుడు ఆసుపత్రి ఖర్చు ఎన్ని లక్షల బీడీలో చెప్పి ఏడ్చింది కూడా. అందుకని మూడు వందలు అనగానే నాకు భయం పట్టుకున్నది.

మొదటి రొట్టె చెడింది నా తెలివి వల్ల. ఈస్ట్‌కు గోరువెచ్చని నీళ్ళు కావాలని అన్న చెప్పాడు. మేనెలలో మా మిద్దె మీది ట్యాంకు నీళ్ళే చెయ్యి పెట్టలేనంత కాగి ఉంటాయి. నేను వాటిని ఇంకొంచెం వేడిచేశాను. ఈస్ట్ అంటే పొడి కాదు, ప్రాణమున్న జీవి అని సైన్సులో చదువుకున్నాం. కిణ్వనం అనే మాట రాసి రెండు మార్కులు కూడా తెచ్చుకున్నాను. అది చక్కెరను తిని బొగ్గుపులుసు వాయువు విడిస్తే పిండి పొంగుతుంది. కాని అరవై డిగ్రీల దగ్గరికి పోతే చచ్చిపోతుంది. నేను చంపేశాను. రెండు గంటలయినా పిండి కదల్లేదు. రాయిలా కూర్చుంది. అమ్మ వచ్చి వేలితో నొక్కి చూసి, ఏమీ అనకుండా దాన్ని ఉండలు చేసి పూరీలు వత్తింది. రాత్రికి అందరం తిన్నాం. కొంచెం గట్టిగా ఉన్నా బాగానే ఉన్నాయి. మూడు వందల బీడీలు వృథా కాలేదు.

రెండోసారి ఈస్ట్ బతికింది. బతకడం కాదు, రెచ్చిపోయింది. అన్న "గంటన్నర, రెండు గంటలు" అన్నాడు కదా అని నేను గిన్నె మీద తడిబట్ట వేసి స్నేహితురాలి ఇంటికి పోయాను. అన్న చెప్పింది ఏసీ వంటింటి లెక్క. ఆరోజు మన ఊళ్ళో నలభై రెండు డిగ్రీలు. వచ్చి చూస్తే పిండి పొంగి, గిన్నె దాటి, మళ్ళీ కూలిపోయి, కల్లు వాసన కొడుతున్నది. నాయిన సాంచాల నుంచి అప్పుడే వచ్చి, గడపలో ఆగి, "ఎవరొచ్చిండ్రే ఇంటికి?" అని అడిగాడు. అయినా మొండికేసి కాల్చాను. మాకు ఓవెన్ లేదు. పెద్ద కుక్కర్లో అడుగున ఉప్పు పోసి, గాస్కెటు, విజిల్ తీసేసి, లోపల ప్లేటు పెట్టాను. కేకులు అట్లాగే చేస్తాం కదా. కాని కేకు వేరు, ఇది వేరు. అడుగు బొగ్గయింది. పైన తెల్లగా, ఉడకబెట్టిన పిండిలా ఉండిపోయింది. పైనుంచి వేడి రాకపోతే నువ్వులు వేగవు. వేగకపోతే వాసన రాదు. అసలు నువ్వులు నిలిస్తే కదా! పొడిపిండి మీద చల్లాను కాబట్టి ప్లేటు వంచగానే అన్నీ జలజల రాలిపోయాయి. ఆ రొట్టెనే ఆవు తిన్నది. అది కూడా ముందు రెండుసార్లు వాసన చూసింది.

ఆ సాయంత్రం పెద్దమ్మ కిటికీలో నుంచి రాలిన నువ్వులు చూసింది. "నువ్వులు సల్లుతరానే ఎవ్వరన్న? భోగి నాడు నేను ఎట్ల జేస్త సూడలేదా? తడిచెయ్యి పెట్టి అద్దాలె. నీళ్ళు తాగితేనే నువ్వు పట్టుకుంటది" అన్నది. అన్న కూడా మెసేజ్‌లో "తడిపి అంటించు" అనే చెప్పాడట. మళ్ళీ వింటే ఉంది. నేనే వినిపించుకోలేదు. ఎక్కడో సిసిలీ రొట్టె కదా, దానికి మా ఇంటి పద్ధతి ఎందుకు పనికొస్తుంది అనుకున్నానేమో.

సిసిలీ అన్నాను కదా. ఆ రెండు రొట్టెలు చెడిన మధ్యలో నేను దాని గురించి కొంత చదివాను. మఫులెట్టా పుట్టిల్లు న్యూ ఆర్లీన్స్ కాదు. ఇటలీ కింద ఉన్న సిసిలీ దీవి. అక్కడ నవంబరు 2న, పోయినవాళ్ళను తలుచుకునే రోజున, ఈ రకం రొట్టెను వేడిగా కోసి ఆలివ్ నూనె పోసుకొని తింటారు. ఇది పెద్దమ్మకు చెబితే, "మన పెత్రమాస లెక్క" అని వెంటనే అర్థం చేసుకున్నది. సిసిలీకి నువ్వులు అరబ్బుల వల్ల అలవాటయ్యాయి. తొమ్మిదో శతాబ్దంలో ఆ దీవిని వాళ్ళు గెలిచారు. సిసిలీ వాళ్ళు నువ్వులను జుజ్జులేన అంటారు. అది అరబ్బీ మాట జుల్జులాన్ నుంచి వచ్చిందే. మేము ఇంట్లో నువ్వులు అని, అంగట్లో తీళ్ అని అడిగినట్టే.

1800ల చివర్లో సిసిలీ నుంచి పేదవాళ్ళు చాలామంది ఓడలెక్కి న్యూ ఆర్లీన్స్‌కు పోయారు. అంతకు ముందు నుంచే పలెర్మో రేవుకూ ఆ ఊరికీ నిమ్మకాయల వ్యాపారం ఉండేది. ఆ దారినే మనుషులు కూడా పోయారు. కొందరు చెరుకు తోటల్లో కూలికి కుదిరారు. కొందరు ఊళ్ళో ఫ్రెంచి మార్కెట్ దగ్గర కూరగాయలు అమ్ముకున్నారు. వాళ్ళు ఎక్కువయ్యేసరికి ఆ పేటకు లిటిల్ పలెర్మో అని పేరు పడింది. 1906లో సాల్వతోరె లూపో అనే సిసిలీ ఆయన అక్కడ సెంట్రల్ గ్రోసరీ అనే కొట్టు పెట్టాడు. మార్కెట్‌లో పనిచేసేవాళ్ళు ఆయన కొట్లో రొట్టె ఒకటి, మాంసం ముక్కలు కొన్ని, చీజు, ఆలివ్ పచ్చడి విడివిడిగా కొనుక్కొని, పెట్టెల మీదో పీపాల మీదో కూర్చొని, ఒళ్ళో పెట్టుకొని తినేవాళ్ళట. అన్నీ రొట్టెలోనే పెట్టి ఇస్తే సులువు కదా అని ఆయన అట్లా ఇవ్వడం మొదలుపెట్టాడని చెప్తారు. రొట్టె పేరే లోపల నింపిన తిండికి కూడా పేరయింది. అక్కడివాళ్ళ నోట్లో అది ఇప్పుడు మఫలాటా అయిందట.

ఇదంతా రాత్రి భోజనాల దగ్గర చెబుతుంటే నాయిన రొట్టె గురించి ఏమీ అడగలేదు. "ఇప్పుడు వాళ్ళు ఇంట్ల ఆ భాష మాట్లాడ్తున్నరా?" అని అడిగాడు.

"లేదు నాయినా. ఇప్పటివాళ్ళు ఎక్కువగా ఇంగ్లీషే."

"అంటే రొట్టె ఒక్కటే ఉన్నదన్నట్టు" అని చేయి కడుక్కొని నైట్ షిఫ్టుకు పోయాడు.

నాయిన ఎందుకు అడిగాడో నాకు తెలుసు. అన్న చదివినప్పుడు మన బడిలో పదో తరగతికి రెండు సెక్షన్లు. మా తరగతిలో మేం ఇరవై ముగ్గురం. మా చిన్న తమ్ముణ్ణి ఈ జూన్‌లో ఏ మీడియంలో చేర్చాలా అని ఇంట్లో నెల రోజుల నుంచి మాట్లాడుకుంటున్నారు. అన్న సంగతి తీసుకున్నా, ఓడలో రోజంతా ఇంగ్లీషు, హిందీ. తెలుగు మాట్లాడేది ఆదివారం అరగంట, పెద్దమ్మతోనే. ఒక్కోసారి మాట దొరక్క ఆగుతాడు. పెద్దమ్మ అందిస్తుంది.

మూడో రొట్టెకు ముందు ఇంకో గొడవ అయింది. అన్నకు నేను ఒక మెసేజ్ పెట్టాను. ఓడలో బేకరీ పనికి ఆడపిల్లలను తీసుకుంటారా, ఏం చదవాలి అని. ఉన్నారు, మా సెక్షన్‌లోనే నలుగురు ఉన్నారు, ముందు పన్నెండో తరగతి కానియ్యి అని అన్న జవాబు పెట్టాడు. నేను ఫోను చెవి దగ్గర పెట్టుకోకుండా బయటికి వినిపించేలా పెట్టాను. అమ్మ చాట ఒళ్ళో పెట్టుకొని తునికాకు కత్తిరిస్తున్నది. కత్తెర ఆగింది.

"ఈ గోడకు అటొకతి ఇటొకతి కూసొని ఫోను సూసుకుంట ఉండుడు నాతోని గాదు" అన్నది. అంతే. మళ్ళీ కత్తెర ఆడింది. నేను రొట్టె చేసేది పెద్దమ్మ కోసమే అని అప్పటిదాకా అందరికీ చెప్పుకున్నాను. కొంచెం నా కోసం కూడా అని అమ్మకు ఆరోజే తెలిసిపోయింది. తర్వాత రెండు రోజులు మేమిద్దరం ఉప్పు అందుకోవడానికి, తలుపు వేయడానికి తప్ప మాట్లాడుకోలేదు.

మే చివరి ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్దమ్మ స్టూలు వేసుకొని అటక ఎక్కింది. మోకాళ్ళ నొప్పులతో అటక ఎక్కడమేంటని అమ్మ అరుస్తున్నా దిగలేదు. పాత చీరలో చుట్టిన మూట ఒకటి కిందికి అందించింది. విప్పితే అల్యూమినియం ఓవెన్. గుండ్రంగా, మూత మధ్యలో అద్దం బిళ్ళతో ఉండే పాతరకంది. తీగలు మూతలో ఉంటాయి కాబట్టి వేడి పైనుంచి వస్తుంది. అన్న కోర్సు చేసేటప్పుడు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. పోయిన సంవత్సరం కంటే ముందే అటకెక్కింది. మేము దాని సంగతే మరిచిపోయాం. పెద్దమ్మ మరిచిపోలేదు. మొదటి రెండుసార్లు ఎందుకు ఇవ్వలేదని నేను అడగలేదు.

సాయంత్రం ఆరున్నరకు అన్న ఫోను. అప్పటికి రొట్టె కావాలి. అంటే మంచి ఎండలోనే మొదలుపెట్టాలి. ఈసారి కుండలో చల్లటి నీళ్ళు తీసుకున్నాను. ఎండ చూసి ఈస్ట్ కూడా సగానికి తగ్గించాను. మూడింటికి పిసకడం మొదలుపెట్టాను. మొదట చేతికి బంకలా అంటుకున్నది. ఇంకా మైదా వేయాలనిపించింది కాని వేయలేదు. వేస్తే గట్టిపడుతుంది. ఏడెనిమిది నిమిషాలకు దానంతటదే చేతిని వదిలిపెట్టింది. చెవి తమ్మె అంత మెత్తగా అయింది. గిన్నె దగ్గరే కూర్చున్నాను, ఎక్కడికీ పోలేదు. నలభై నిమిషాలకే రెండింతలయింది. వేలు గుచ్చితే గుంట మెల్లగా పూడింది. అదే గుర్తు.

పళ్ళెంలో వేసి గుండ్రంగా ఒత్తాను. నువ్వులకు పెద్దమ్మ వచ్చింది. చెయ్యి నీళ్ళలో ముంచి పిండి మీద ఒక్కసారి రాసింది. దోసెడు నువ్వులు వేసి, అరచేతిని ఆనించి, నొక్కకుండా అద్దింది. ఎట్లా చెప్పాలో తెలియడం లేదు. జ్వరం చూడటానికి నుదుటి మీద చెయ్యి పెడతారే, అట్లా. ఒక్క గింజ కూడా కదల్లేదు.

ఇంకో అరగంట పొంగనిచ్చి, ఓవెన్ ముందే కాగబెట్టి, నాలుగు ముప్పావుకు లోపల పెట్టాను. ఆ ఓవెన్‌కు డిగ్రీలు చూసే ముల్లు లేదు. కాగితం ముక్క లోపల పెడితే ఎంతసేపట్లో ఎర్రబడుతుందో చూసి అందాజు కట్టాలి. ఐదింటికి కరెంటు పోయింది. నా ప్రాణం కూడా పోయింది. మూత తీసి చూద్దామని చెయ్యి పెడితే అమ్మ గట్టిగా పట్టుకున్నది. "తియ్యకు. లోపలి వేడి లోపలనే ఉండని." రెండు రోజుల తర్వాత అమ్మ నాతో అన్న మొదటి పెద్ద మాట అది. తువ్వాలు తడపకుండా తెచ్చి మూత చుట్టూ కప్పింది. పది నిమిషాలకు కరెంటు వచ్చింది. అద్దం బిళ్ళలో నుంచి చూస్తే నువ్వులు మెల్లగా రంగు తిరుగుతున్నాయి. సందంతా సంక్రాంతి వాసన వచ్చింది. మేనెలలో! పక్కింటి వాళ్ళు వచ్చి ఏం పండుగ అని అడిగారు.

ఐదున్నరకు తీశాను. అడుగున వేలితో కొడితే డప్పులా మోగింది. లోపల ఉడికిందనడానికి అదే సాక్ష్యం. ఒక పక్క కొంచెం ఎక్కువ ఎర్రబడింది. మధ్యలో చిన్న బొప్పి. పళ్ళెమంత ఉంది.

లోపల పెట్టే పచ్చడికి ఆలివ్ కాయల సీసా కొన్నాను, వక్తృత్వ పోటీలో వచ్చిన డబ్బులతో. ధర అమ్మకు చెప్పలేదు. ఇప్పుడు ఈ పత్రికలో చదివినా రాయలేదు కాబట్టి తెలియదు. ఆలివ్ కాయలు మన ఉప్పు ఉసిరికాయల్లా ఉంటాయి కాని అంత పులుపు ఉండదు. అక్కడి పచ్చడిలో క్యారెట్, కాలీఫ్లవర్, వెల్లుల్లి కూడా ఉంటాయి. నేను వాటితోపాటు కొన్ని పచ్చి మామిడి ముక్కలు వేశాను. మాంసం బదులు ఉడకబెట్టిన కోడిగుడ్డు పెట్టాను. రొట్టెను అడ్డంగా కోసి, పచ్చడి నూనెతో సహా వేసి, పైముక్క మూసి కాసేపు బరువు పెట్టాలి. నూనె రొట్టెలోకి దిగాలి. అందుకే ఈ రొట్టె పావ్‌లా గాలిగా ఉంటే పనికిరాదు. నూనె పోస్తే ముద్దయిపోతుంది. కొంచెం దిట్టంగా ఉండాలి. రెండోసారి ఫెయిలయినప్పుడు నాకు ఇది అర్థమయింది. చెడిపోయిన రొట్టె కూడా కొంత చెబుతుంది, వినే ఓపిక ఉంటే. నాకు ఆవు తిన్నాక వచ్చింది ఆ ఓపిక.

సరిగ్గా ఆరున్నరకు అన్న వచ్చాడు. రాత్రి డ్యూటీ దిగి వచ్చాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "వెలుగుకు చూపించు. అడుగు చూపించు" అన్నాడు. మా సారు హోంవర్కు చూసినట్టు చూశాడు. ఫోను దగ్గర పెట్టి అడుగున కొట్టి చప్పుడు వినిపించాను. "అయింది, అయింది" అన్నాడు. అంతలో నా వెనక గట్టు మీద ఓవెన్ కనిపించింది. కాసేపు మాట్లాడలేదు.

"అమ్మా, అది దించినవా?"

"ఖాళీగ ఉన్నది గద" అన్నది పెద్దమ్మ.

నాలుగు ముక్కలు కోశాను. మొదటి ముక్క పెద్దమ్మకు. కొరికింది. నమిలింది. ఫోనులో అన్న, ఇక్కడ మేము, అందరం ఆమె నోటి వంకే చూస్తున్నాం. అన్న ఆగలేక, "ఎట్లున్నదే? నేను చేసినట్టున్నదా?" అని అడిగాడు.

"నువ్వు చేసింది నేనెప్పుడు తిన్న? పిల్ల చేసినట్టున్నది. ఉప్పు తక్కువైంది" అన్నది. ఇంకో ముక్క కొరికి, "నువ్వులు మాత్రం నేనద్దిన" అన్నది.

అప్పుడు అన్న చెప్పాడు. జూన్‌లో రావలసింది, రావడం లేదు. మనిషి దొరకలేదట, సెప్టెంబరు దాకా పొడిగించారట. అంటే నారళి పున్నమికి మార్కండేయ స్వామి రథోత్సవం నాటికి కూడా ఉండడు. వరసగా ఇది రెండోది. అన్న ఆ మాట గబగబా చెప్పేసి తల వంచుకున్నాడు.

పెద్దమ్మ చేతిలో ముక్క అట్లాగే ఉంది. నేను ఏడుస్తుందేమో అనుకున్నాను. "ఇయ్యాల ఏం తిన్నవ్?" అని అడిగింది.

"అన్నం, పప్పు" అన్నాడు. ఈసారి "తిన్ననే" అనలేదు. పనివాళ్ళకు వేరే క్యాంటీను ఉంటుందట. రాత్రంతా వందల రొట్టెలు చేసి, తినేటప్పుడు అక్కడ అన్నమే పెట్టించుకుంటాడట. చేసి చేసి వాటి వాసనకే కడుపు నిండుతుందట. ఆ సంగతి మాకు ఎవరికీ తెలియదు. పెద్దమ్మ చాలాసేపు అన్నం గురించే అడిగింది. మెత్తగా వండుతారా, పప్పులో ఏం పోపు వేస్తారు, పెరుగు ఉంటదా అని. అన్న అన్నింటికీ జవాబు చెప్పాడు. ఒకచోట ఇంగువ అనే మాట యాదికి రాక ఆగాడు. పెద్దమ్మ అందించింది. ఆరోజు అరగంట కాదు, గంట దాటింది.

ఫోను పెట్టేశాక నాయిన, తమ్ముడు, అమ్మ, నేను మిగతా రెండు ముక్కలు పంచుకున్నాం. ఆలివ్ కాయలు నాయినకు ఒక్కరికే నచ్చాయి. తమ్ముడు ఏరి పక్కన పెట్టాడు. అమ్మ మామిడి ముక్కలు బాగున్నాయన్నది. ఓడ మాట అమ్మ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కాని మరునాడు పొద్దున అంగడికి పోయేటప్పుడు, "గా ఈస్ట్ డబ్బీ ఎన్ని రోజులు నిలుస్తది?" అని అడిగింది. ఫ్రిజ్‌లో పెడితే నెలలు అని చెప్పాను. మాకు ఫ్రిజ్ లేదు, పెద్దమ్మ ఇంట్లో ఉంది. కిటికీలో నుంచి డబ్బీ అందించాను.

నాలుగో ముక్కను పెద్దమ్మ తడిగుడ్డలో చుట్టి పెట్టుకున్నది. మరునాటికి నూనె బాగా దిగి ఇంకా మెత్తగా అయిందని, చాయ్‌లో ముంచుకొని తిన్నానని చెప్పింది. మఫులెట్టాను చాయ్‌లో ముంచుకొని తిన్న మనిషి మా పెద్దమ్మ ఒక్కతే అయి ఉంటుంది. ఓవెన్ మళ్ళీ అటక ఎక్కలేదు. గట్టు మీదే ఉంది. దుమ్ము పడకుండా అమ్మ దాని మీద నాయిన నేసిన టవల్ ఒకటి కప్పింది.